దేవుని సమయం కోసం ఎదురుచూడటం ఎలా? ఐటీ కారిడార్‌లో ఉన్న కొత్త విశ్వాసికి

1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచినప్పటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలకు వేగమే గుర్తు. ఇక్కడ ప్రతి పనికీ ఒక తేదీ ఉంటుంది. స్ప్రింట్‌కు రెండు వారాలు, నోటీస్ పీరియడ్‌కు 90 రోజులు, రిలీజ్‌కు ఫలానా శుక్రవారం. తేదీ తప్పితే పైవాళ్ల నుంచి మెయిల్ వస్తుంది. ఇలాంటి చోట పనిచేసే విశ్వాసికి ప్రార్థన దగ్గర మాత్రం ఏ తేదీ దొరకదు. ఆఫర్ లెటర్ చేతికొచ్చి నెలలు గడిచినా జాయినింగ్ మెయిల్ రాదు. బెంచ్ మీద కూర్చున్నవాళ్లకు ప్రాజెక్ట్ రాదు. సంబంధాలు వస్తాయి, మాటలదాకా వెళ్తాయి, ఆగిపోతాయి. పెళ్లయి ఏళ్లు గడిచినా ఒడి నిండదు. డాలస్‌లో ఉన్న అన్నయ్య నెలనెలా వీసా బులెటిన్ చూసుకుని, తన తేదీ కదల్లేదని చెప్పి ఫోన్ పెట్టేస్తాడు.

దేవుని సమయం శ్రేష్ఠమైనదని ఆదివారం సంఘంలో వింటాం, ఆమెన్ అంటాం. సోమవారం పొద్దున రాయదుర్గం మెట్రోలో నిలబడ్డప్పుడు ఆ ఆమెన్‌ను ఎలా బతకాలో మాత్రం తెలియదు. ఈ వ్యాసం ఆ సోమవారం కోసమే. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లూ, చిన్నప్పటి నుంచి సంఘంలో ఉన్నా మొదటిసారి గట్టి ఆలస్యాన్ని ఎదుర్కొంటున్నవాళ్లూ ఈ అడుగులు వరసగా వేసి చూడండి. అన్నిటికీ ఆధారం ఒక్కటే: తేదీ దేవుని చేతికి వదలాలి, ఇవాళ్టి పని మన చేతిలోకి తీసుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. తేదీ పట్టుకుని కూర్చుని, ఇవాళ్టి పని దేవుడు చేయాలంటారు.

మొదటి అడుగు: వాగ్దానమేది, కోరికేది?

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఫోన్‌లో వద్దు, ఫోన్ తెరిస్తే మెయిల్ కనిపిస్తుంది. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు మీరు దేని కోసం ఎదురుచూస్తున్నారో ఉన్నదున్నట్టు రాయండి. ‘ఆశీర్వాదం’ అని రాయకండి. ‘ఫలానా కంపెనీలో జాయినింగ్’, ‘ఈ ఏడాది హెచ్-1బి’, ‘బిడ్డ’ అని రాయండి. కుడివైపు, లేఖనాల్లో దేవుడు తన పిల్లలందరికీ ఇచ్చిన మాటలు రాయండి: విడిచిపెట్టనన్నాడు, జ్ఞానం అడిగితే ఇస్తానన్నాడు, పాపం ఒప్పుకుంటే క్షమిస్తానన్నాడు.

రెండు వైపులా చూసుకుంటే ఒక సంగతి తేలుతుంది. హెచ్-1బి వస్తుందని దేవుడు ఎక్కడా మాట ఇవ్వలేదు. ఏటా 85 వేల వీసాలు ఉంటాయి, వాటికి ఎన్నో రెట్ల మంది పోటీపడతారు. మీ పేరు రాకపోతే దేవుడు మాట తప్పినట్టు కాదు, ఎందుకంటే ఆ మాట ఆయన ఇచ్చింది కాదు. అలాగని కోరిక తప్పు కాదు. తండ్రిని బిడ్డ ఏదైనా అడగొచ్చు. అడిగిన కోరికను ఆయన ఇచ్చిన వాగ్దానంగా లెక్కేసుకుంటే మాత్రం, కోరిక తీరని రోజున విశ్వాసమే కూలిపోతుంది.

ఈ పొరపాటు ఎక్కువగా జరిగేది డిసెంబర్ 31 రాత్రి. కూడికలో వాగ్దాన కార్డు తీసుకుంటాం, యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం వస్తుంది. దేవుడు మన గురించి తలచేవి సమాధానకరమైన తలంపులనే మాట అది. కార్డును లాప్‌టాప్ మీద అంటించుకుంటాం, మార్చికల్లా ఉద్యోగమని అనుకుంటాం. కార్డు మీద పట్టని వచనం దానికి ముందున్న 10వది. అందులో 70 ఏళ్లు అని ఉంది. బబులోను చెరలో ఉన్న జనానికి యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఆ ఉత్తరం చెప్పింది. చదివినవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా ఆ మాట వాళ్లకూ చెందిందే. కార్డు తీసేయమని నా ఉద్దేశం కాదు, అధ్యాయం మొత్తం చదవమని. హాస్టల్ గదిని తాత్కాలికమని తిట్టుకుంటూ మూడేళ్లుగా సూట్‌కేసు కూడా పూర్తిగా విప్పనివాళ్లకు ఆ ఉత్తరం నేరుగా రాసినట్టే ఉంటుంది.

రెండో అడుగు: మన నేల మీద ఎదురుచూసినవాళ్లను తెలుసుకోండి

అబ్రాహాము, యోసేపు కథలు అందరికీ తెలుసు. తెలుగు క్రైస్తవుల సొంత కథ ఒకటుంది, దాన్ని మన పిల్లలకు చెప్పడం దాదాపు మానేశాం.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సమావేశంలో ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ నడిచింది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ప్రాజెక్ట్ షట్‌డౌన్. అప్పటికి నెల్లూరులో ఉన్న మిషనరీలు లైమన్ జూయెట్ దంపతులు, వాళ్లతో కొద్దిమంది తెలుగు విశ్వాసులు 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండెక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ని పంపమని ప్రార్థించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు.

మర్నాడు ఏమీ జరగలేదు. మరుసటి ఏడూ జరగలేదు. జాన్ క్లౌ అనే యువ మిషనరీ ఒంగోలు వచ్చేసరికి 1866. తలుపు తెరిచింది కూడా మిషనరీలు ఊహించిన వైపు నుంచి కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, క్లౌ వెతకకుండానే, తనంతట తాను సత్యాన్ని వెతుక్కుంటూ వచ్చి బాప్తిస్మం పొంది, ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు 8 మంది.

1876లో పెద్ద కరువొచ్చింది. భూమి కొలతల పని తెలిసిన క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో జనం బాప్తిస్మం అడుగుతూనే ఉన్నారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని, సహాయం పంచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. రెండు దశాబ్దాలకు పైగా ఎదురుచూసిన పంట కళ్లముందు నిలబడి ఉంటే, ఇంకొంత కాలం ఆగుదామనడానికి ఎంత గుండె కావాలి! నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఒకేసారి ఇద్దరు నీళ్లలో దిగి, వంతులు మార్చుకుంటూ పొద్దున, సాయంత్రం ఇచ్చారు. ప్రార్థన కొండ నుంచి గుండ్లకమ్మ దాకా 24 ఏళ్లు. నెల్లూరులో పని మొదలుపెట్టిన శామ్యూల్ డే అది చూడలేదు, ఆయన 1871లోనే చనిపోయారు.

ఈ కథ చెప్పుకుని, “మనకూ 24 ఏళ్లలో ఇస్తాడు” అని లెక్క కట్టకండి. ఇందులో నేర్చుకోవాల్సింది కాలువ తవ్వకం. ప్రార్థించిన పెద్ద సంగతి ఇంకా జరగనప్పుడు, ఆకలితో ఉన్నవాడికి పని చూపించడమే వాళ్ల ఎదురుచూపు.

మూడో అడుగు: రోజూ పావుగంట, దాపరికం లేకుండా

క్యాబ్ ఎక్కేముందు పావుగంట చాలు. నైట్ షిఫ్ట్ వాళ్లు ఇంటికొచ్చాక చేసుకోండి. ముందు 13వ కీర్తన చదవండి. ఆరు వచనాలే. మొదటి రెండు వచనాల్లో దావీదు ఇంకా ఎంతకాలమని నాలుగుసార్లు అడుగుతాడు. దేవుణ్ని అలా అడగడం అవిశ్వాసమని మీకెవరైనా చెబితే, ఆ కీర్తన బైబిల్లో ఎందుకుందో వాళ్లనే అడగండి. తర్వాత ఈ వరసలో ప్రార్థించండి: ఏది బాధపెడుతోందో చెప్పండి, ఏం కావాలో అడగండి, తేదీ ఆయనకు వదులుతున్నానని నోటితో చెప్పండి, చివర ఇవాళ చేయాల్సిన ఒక్క పని కోసం బలం అడగండి.

నాలుగోదాన్ని వదిలేయకండి. ప్రార్థన ఇవాళ్టి పనిలో దిగేది అక్కడే. ఉపవాస ప్రార్థనలూ, శుక్రవారం రాత్రి కూడికలూ మంచివే. అయితే కొత్తవాళ్లకు నా సలహా, ముందు ఈ పావుగంట అలవాటు కానివ్వండి.

నాలుగో అడుగు: ఇవాళ్టి పని

హఫీజ్‌పేటలోని కల్వరి టెంపుల్ మందిరం 52 రోజుల్లో లేచిందని ఇక్కడి విశ్వాసులు సంతోషంగా చెప్పుకుంటారు. నెహెమ్యా యెరూషలేము గోడ ముగించింది కూడా 52 రోజుల్లోనే. అదే తెలంగాణలో మెదక్ చర్చి కట్టడానికి పదేళ్లు పట్టింది, 1914 నుంచి 1924 క్రిస్మస్ దాకా. ఏది దేవుని సమయం అంటే రెండూ. అయితే 52 రోజుల కథను సగమే చెప్పుకుంటాం. గోడ కూలి ఉందన్న వార్త నెహెమ్యాకు కిస్లేవు నెలలో అందింది, రాజు ముందు నోరు విప్పింది నీసాను నెలలో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు. ఏడ్చాడు, ఉపవాసమున్నాడు, రాజుకు ద్రాక్షారసం అందించే తన ఉద్యోగం రోజూ చేశాడు. ఎన్నాళ్లు పడుతుందని రాజు అడిగిన క్షణానికి జవాబు సిద్ధంగా ఉంది. ఎవరికి ఉత్తరాలు కావాలో, కలప ఎవరి దగ్గర తీసుకోవాలో కూడా చెప్పాడు. ఆ నాలుగు నెలల్లో పని చేసి ఉండకపోతే ఆ జవాబు వచ్చేదే కాదు.

కాబట్టి బెంచ్ మీద ఉంటే, వాడుకలో ఉన్న ఒక టెక్నాలజీ పట్టుకుని చివరిదాకా నేర్చుకోండి. అరడజను కోర్సులు మొదలుపెట్టి వదిలేయడం వల్ల లాభం లేదు. జాయినింగ్ కోసం ఆగి ఉంటే, హెచ్ఆర్‌కు మర్యాదగా మెయిల్ పెట్టి కనుక్కోండి, వేరే చోట్లకూ దరఖాస్తు చేయండి. బిడ్డ కోసం చూస్తుంటే భార్యాభర్తలిద్దరూ డాక్టర్ దగ్గరకు వెళ్లండి, పరీక్షలు ఇద్దరికీ అవసరం. వైద్యానికి వెళ్తే విశ్వాసం తగ్గినట్టని చెప్పేవాళ్ల మాట వినకండి, సువార్త రాసిన లూకా వైద్యుడు.

రిఫరల్ అడగడం కూడా అవిశ్వాసం కాదు. చెరసాలలో యోసేపు పానదాయకుణ్ని అడిగాడు: బయటికెళ్లాక నా గురించి ఫరోతో చెప్పు అని. ఆ మనిషి రెండేళ్లు మర్చిపోయాడు, అది వేరే సంగతి. ఆ రెండేళ్లూ యోసేపు చెరసాల పని మానలేదు.

ఐదో అడుగు: అడ్డదారి గుర్తుపట్టడం

ఆలస్యం ఎక్కువయ్యేకొద్దీ అడ్డదారి దేవుడిచ్చిన తలుపులా కనిపించడం మొదలవుతుంది. ఈ కారిడార్‌లో దాని పేరు బ్యాక్‌డోర్ జాబ్. లక్షో రెండు లక్షలో కడితే ఉద్యోగమంటారు. మాదాపూర్‌లో చిన్న ఆఫీసు చూపిస్తారు, ఆఫర్ లెటర్ ఇస్తారు, ట్రైనింగ్ అంటారు, ఒకటి రెండు నెలలు జీతం కూడా వేస్తారు. ఓరోజు వెళ్లేసరికి తాళం ఉంటుంది. సైబరాబాద్ పోలీసుల దగ్గర ఇలాంటి కేసులు చాలాసార్లు నమోదయ్యాయి. నిజమైన కంపెనీ ఉద్యోగం కోసం డబ్బడగదు. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయామని తెలిస్తే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇంకోటి, ఫేక్ ఎక్స్‌పీరియన్స్. “అందరూ పెడుతున్నార్రా, నువ్వొక్కడివే నీతిమంతుడివా?” అని రూమ్మేటే అంటాడు. లేని మూడేళ్ల అనుభవం రాసుకుని ఉద్యోగం తెచ్చుకుని, ఆదివారం దాన్ని సాక్ష్యంగా చెబితే, ఆ సాక్ష్యం విన్న సంఘమంతా మోసపోయినట్టే. పెళ్లి సంబంధాల్లో ప్యాకేజీ పెంచి చెప్పడం, జబ్బు దాచడం కూడా ఇదే దారి.

అబ్రాహాము 75వ ఏట బయల్దేరాడు, ఇస్సాకు 100వ ఏట పుట్టాడు. మధ్యలో, కనానుకొచ్చి పదేళ్లయ్యాక, శారా తన దాసి హాగరును ముందుకు తెచ్చింది. ఆ ఇంట్లో ఎవరి అభిప్రాయం అడగాలో వాళ్లను అడగలేదు. తొందర పడింది ఇద్దరు పెద్దలు, ఎడారిలో నీళ్లు లేక ఏడ్చింది హాగరు. అడ్డదారిని పరీక్షించడానికి నేను పట్టుకునే ప్రశ్న ఇక్కడి నుంచే వచ్చింది: నా తొందరకు ఇంకెవరు ఖరీదు కడతారు? ఊళ్లో ఎకరం తాకట్టు పెట్టి నాన్న కడతారా? నిజమైన అనుభవం ఉండి కూడా ఆ సీటు పోగొట్టుకునేవాడా? జవాబులో ఒక మనిషి ముఖం కనిపిస్తే ఆగిపోండి.

తేదీ చెప్పే ప్రవచనాల దగ్గర కూడా జాగ్రత్తగా ఉండండి. యిర్మీయా 70 ఏళ్లంటున్న కాలంలోనే హనన్యా అనే ప్రవక్త రెండేళ్లే అన్నాడు. జనానికి ఆ మాటే నచ్చింది. అది దేవుని మాట కాదు. కానుక పంపితే 40 రోజుల్లో ఉద్యోగమని ఎవరైనా అంటే, ఆ కానుకను అద్దె కట్టలేని తోటి విశ్వాసికి ఇవ్వండి.

ఆరో అడుగు: ఒక్కరికైనా చెప్పండి

కొండాపూర్ హాస్టల్‌లో ఉన్న ఒక చెల్లి, గుంటూరు వైపు నుంచి వచ్చింది. అమ్మ ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టి మంచం మీద పడేస్తుంది. “పాస్టరమ్మ గారు అడుగుతున్నారే, ఇంకా జాయినింగ్ రాలేదా అని. పెద్దమ్మ వాళ్లబ్బాయికి వచ్చేసిందంట.” చెల్లి మాట్లాడదు. కాసేపాగి, “వస్తదిలేమ్మా, దేవుని సమయం” అని పెట్టేస్తుంది. ఆమె నోట ఆ మాట అప్పుడు విశ్వాసం కాదు, సంభాషణ ముగించే సాకు. తప్పు ఆమెది కాదు. ఆమెను కూర్చోబెట్టి నీకెలా ఉందని అడిగినవాళ్లు లేరు.

మీ పరిస్థితి పూర్తిగా తెలిసిన ఒక అన్నో అక్కో మీకుండాలి. వారానికోసారి కలవాలి. బంధువులు అడిగితే సర్దిచెప్పక్కర్లేదు. “ఇంకా లేదు పిన్నీ, ప్రార్థన చేయండి” అంటే చాలు. వేరేవాళ్ల సాక్ష్యం విన్నప్పుడు చప్పట్లు కొడుతూనే లోపల మండితే, ఆ మంట కూడా ఆ అక్కకు చెప్పండి. కాపరులకు ఒక మనవి: జవాబు వచ్చినవాళ్లకే మైకు ఇవ్వకండి. ఇంకా రాలేదు, అయినా ప్రభువు నన్ను నిలబెట్టాడని చెప్పేవాళ్లకూ ఇవ్వండి. సంఘానికి ఆ సాక్ష్యం చాలా అవసరం.

నిద్ర పట్టకపోవడం, తినబుద్ధి కాకపోవడం, బతకాలనిపించకపోవడం వారాల తరబడి ఉంటే అది విశ్వాస లోపం కాదు, వైద్యం కావాల్సిన బాధ. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థించమని చెప్పే స్నేహితుడే ఈ నంబర్ కూడా ఇవ్వాలి.

ఏడో అడుగు: తలుపు మూసుకుంటే

తేదీ దేవునికి వదలమన్నాను కదా, అలాగని మీ నిర్ణయాలకు తేదీలే వద్దని కాదు. “ఈ ఆఫర్ కోసం జూన్ దాకా చూస్తాను, ఆ తర్వాత ఇంకో దారి” అని మీ నాన్నగారితోనో సంఘపెద్దతోనో మాట్లాడి నోట్‌బుక్‌లో రాసుకోవచ్చు. అది మీకు మీరు పెట్టుకున్న గడువు, దేవునికి పెట్టింది కాదు. పౌలు బితూనియకు వెళ్లాలనుకున్నాడు, ఆత్మ వెళ్లనివ్వలేదు. అతను అక్కడే కూర్చుని తలుపు కొట్టలేదు, త్రోయకు నడిచాడు. మాసిదోనియ పిలుపు అక్కడ వచ్చింది. ఇంకోసారి, తనను బాధిస్తున్న శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప చాలునన్న జవాబు వచ్చింది. రెండూ జవాబులే.

కొన్ని ఎదురుచూపులు ఈ లోకంలో ముగియవు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం ఆ సంగతి దాచలేదు, వాగ్దానఫలం పొందకుండానే చనిపోయినవాళ్ల పేర్లే అందులో ఎక్కువ. పెళ్లి కాకుండా, బిడ్డ పుట్టకుండా, అనుకున్న దేశం చూడకుండా జీవితం గడిచినవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. వాళ్లకు విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటే గట్టిగా కాదనండి.

ఎదురుచూపు ముగిసినవాళ్లకు కూడా ఇందులో పని ఉంది. మీ టీమ్‌లో ఖాళీ ఉంటే, సంఘంలో వెనక వరసలో కూర్చునే ఆ తమ్ముడి రెజ్యూమే ఈ వారమే పంపండి. ప్రార్థన చేస్తానని మాటిచ్చి మర్చిపోయిన పేరేదైనా ఉంటే, ఇవాళే ఫోన్ చేయండి.